టోక్యో సోబా: తొందర తినేవాళ్లదే

జపాన్ నూడుల్స్ అనగానే మనవాళ్లకు ముందుగా రామెన్ గుర్తొస్తుంది. సినిమాల్లో, వీడియోల్లో ఎక్కువగా కనిపించేది అదే. రామెన్‌కు మూలం చైనా. 1910లో టోక్యోలోని అసాకుసా పేటలో రైరైకెన్ అనే హోటలు తెరిచాక అది మామూలు జనానికి బాగా అలవాటైంది. కానీ ఈ నగరాన్ని ఎడో అని పిలిచే రోజుల నుంచీ, అంటే షోగన్ల ఏలుబడి నుంచీ, ఇక్కడి కూలీలూ వడ్రంగులూ గుమస్తాలూ ఆకలి తీర్చుకున్నది సోబాతో. టోక్యో సొంత తిండి ఏదంటే నేను దాని పేరే చెబుతాను. అందుకే అక్కడ ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు "ఏం తింటావు పిన్నీ, ఎక్కడికి తీసుకెళ్లమంటావు?" అని అడిగినప్పుడు సోబా తినిపించమన్నాను. స్టేషన్లో నిలబడి తినేదీ కావాలి, నూరేళ్లు దాటిన హోటల్లో కూర్చుని తినేదీ కావాలి అన్నాను.

వాడు ఉండేది నిషికసాయ్‌లో. టోక్యోకు తూర్పు వైపున, ఎడోగావా వార్డులో ఉంటుంది ఆ పేట. 2000 సంవత్సరం దగ్గరపడుతుంటే కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయన్న భయంతో జపాన్ కంపెనీలు భారతీయ ఇంజనీర్లను పిలిపించుకున్నాయి. వాళ్లలో చాలామంది ఆఫీసులకు నేరుగా రైలున్న ఈ పేటలో అద్దెకు దిగారు. ఇప్పుడు అక్కడ కందిపప్పు దొరుకుతుంది, కరివేపాకు దొరుకుతుంది, లిఫ్టులో తెలుగు వినబడుతుంది. మా కోడలు శాకాహారి. "అత్తయ్యా, సోబా పులుసులో చేప ఉంటుంది, నేను రాలేను. మీరిద్దరూ వెళ్లిరండి" అంది. మేం బయల్దేరాం.

సోబా అంటే నూడుల్స్ పేరే కాదు, ఆ పిండినిచ్చే మొక్క పేరు కూడా. ఇంగ్లిషులో బక్‌వీట్ అంటారు. ఉత్తరాది వాళ్లు నవరాత్రి ఉపవాసాల్లో పూరీలు చేసుకునే కుట్టు పిండి ఇదే. చూడటానికి ధాన్యంలా ఉన్నా వరి, గోధుమ, జొన్నల్లాగా ఇది గడ్డిజాతి కాదు. మన చుక్కకూరది ఏ కుటుంబమో సోబాదీ అదే కుటుంబం. గింజ మూడు పలకలుగా, నల్లటి పొట్టుతో ఉంటుంది. చలి ప్రాంతాల్లో, వరి పండని సారం లేని నేలల్లో, కొండ వాలుల్లో విత్తిన రెండున్నర నెలలకే కోతకొస్తుంది. జపాన్‌లో ఎక్కువగా పండేది ఉత్తరాన హొక్కాయిడోలో. పేరున్నది మాత్రం కొండల నడుమ ఉన్న నగానో ప్రాంతపు సోబాకు. ఆ పిండిని కత్తితో పోగులుగా కోసి వండుకున్నారన్న పాత ఆధారం కూడా నగానోదే: అక్కడి ఒక బౌద్ధ ఆలయంలో 1574 నాటి రాతల్లో ఆ ప్రస్తావన ఉంది. అంతకుముందు సోబాను ఉండలు చేసుకునో, జావ కాచుకునో తినేవారు. పేద నేలలో పండిన ఆ గింజే ఎడో నగరానికి వచ్చి వీధి వీధికీ అంగళ్లు పెట్టించింది.

ముందు స్టేషన్ సోబా. రైలు దిగి, వేరే లైనుకు మారే దారిలోనే ఉంటాయి ఈ చిన్న హోటళ్లు. కుర్చీలు ఉండవు, ఉన్నా నాలుగైదు. గుమ్మం పక్కన టికెట్ మిషన్. డబ్బులు వేసి బొమ్మ ఉన్న బటన్ నొక్కితే చిన్న కాగితం ముక్క వస్తుంది. దాన్ని కౌంటర్ మీద పెడితే, లోపలున్నావిడ "సోబానా, ఉడోనా?" అని అడుగుతుంది. ఉడోన్ గోధుమతో చేసే లావుపాటి నూడుల్స్, ఎక్కువగా పశ్చిమ జపాన్ ఇష్టం. ముందే ఉడికించిన సోబాను తీగల గరిటెలో వేసి మరుగుతున్న నీళ్లలో కొన్ని క్షణాలు ముంచి తీస్తుంది. నీళ్లు విదిలించి గిన్నెలో వేస్తుంది, పైన వేడి పులుసు పోస్తుంది, తరిగిన ఉల్లికాడలు చల్లుతుంది. అడిగితే ఉల్లిపాయా కారట్ తురుమూ కలిపి వేయించిన కాకియాగే ఒకటి తేలేస్తుంది. గిన్నె మన చేతికి రావడానికి నిమిషం పట్టదు.

నా పక్కన సూటు వేసుకున్న మధ్యవయసాయన ఒకరు సంచీ రెండు పాదాల మధ్య పెట్టుకుని నిలబడ్డారు. కాకియాగేను చాప్‌స్టిక్కులతో కొంచెం పులుసులోకి నొక్కారు. సగం మెత్తబడింది, సగం కరకరలాడుతోంది. ఫోను చూడలేదు, అటూ ఇటూ చూడలేదు. నూడుల్స్ అయ్యాక గిన్నె రెండు చేతులా ఎత్తి పులుసు కొంచెం తాగారు. గిన్నెను తీసుకెళ్లి కౌంటర్ మీద ఎత్తుగా ఉన్న బల్ల మీద పెట్టి, బాగుంది, కృతజ్ఞతలు అనే మాట చెప్పి రైలుకు వెళ్లిపోయారు. అంతా అయిదు నిమిషాల్లోపే. ఆయన జరగ్గానే లోపలావిడ తడిబట్టతో ఆ జాగా తుడిచింది. తరవాత వచ్చే మనిషికి శుభ్రమైన బల్ల ఉండాలి కదా. ఆ సోబా ఇక్కడి రామెన్ కంటే చవక. చవకదని పులుసు పల్చన చేయలేదు, ఉల్లికాడలు వాడిపోయినవి వేయలేదు. నా గిన్నెలోని పులుసు ఆఖరి గుటక దాకా వేడిగా ఉంది.

తరవాత కాండా. ఓతెమాచి స్టేషన్లో మారునౌచి లైను పట్టుకుంటే తరవాతి స్టేషనే అవాజిచో. అక్కడ దిగి నాలుగడుగులు వేస్తే కాండా సుదాచో వస్తుంది. కరెంటు సామాన్ల అంగళ్లకూ యానిమే బొమ్మలకూ పేరుపడ్డ అకిహబారా అక్కడికి నడిచే దూరమే. 1912లో కట్టిన మాన్‌సేయ్‌బాషి పాత స్టేషన్ ఎర్ర ఇటుకల కట్టడం నది ఒడ్డున ఇప్పటికీ ఉంది. రైళ్లు ఆగడం 1943లో మానేసినా, ఒకప్పుడు ఈ ప్రాంతానికి అదే గుండెకాయ. 1945 వైమానిక దాడుల్లో టోక్యో చాలా భాగం బూడిదైనా ఈ సుదాచో మూల కొంచెం మిగిలిపోయింది. అందుకే పెద్ద పెద్ద ఆఫీసు భవనాల మధ్య చెక్క కట్టడాల్లో నడిచే పాత హోటళ్లు ఇక్కడ కొన్ని పక్కపక్కనే కనిపిస్తాయి. 1884లో మొదలైన మాత్సుయా సోబా హోటలు వాటిలో ఒకటి. సమురాయ్ కథలు రాసిన రచయిత ఇకెనామి షోతారోకు అది చాలా ఇష్టమైన చోటు. మేం వెళ్లింది దానికి దగ్గర్లోనే ఉన్న యాబు సోబాకు. అది 1880లో మొదలైంది.

టోక్యోలో సోబా వంశాలు మూడు ప్రసిద్ధం: సరాషినా, సునబా, యాబు. సరాషినా వాళ్లు గింజ లోపలి తెల్లటి పిండినే వాడతారు. వాళ్ల సోబా దాదాపు తెల్లగా, సున్నితంగా ఉంటుంది. సునబా మూలం ఒసాకాలో ఉందంటారు. యాబు సోబా లేత ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది, ముంచుకునే పులుసు మాత్రం ఉప్పగా, గాఢంగా ఉంటుంది. ఈ యాబు హోటలుకు 1923 మహాభూకంపం తరవాత కట్టిన చెక్క భవనం ఉండేది. 2013 ఫిబ్రవరిలో అది అగ్నిప్రమాదంలో దెబ్బతింది. పాత తీరు చెడకుండా కొత్త భవనం కట్టి 2014 అక్టోబర్లో మళ్లీ తెరిచారు. తెరిచిన రోజున జనం బారులు తీరారు. ఒక సోబా హోటలు కోసం ఒక మహానగరం అంతగా ఎదురుచూసిందంటే, ఆ తిండి వాళ్లకు కడుపు నింపేది మాత్రమే కాదని తెలుస్తుంది.

మేం వెళ్లేసరికి మధ్యాహ్నపు రద్దీ కొంచెం తగ్గింది. గేటు దాటగానే చిన్న తోట. లోపల ఎత్తైన కప్పు, చెక్క బల్లలు, పెద్ద కిటికీల్లోంచి వెలుతురు. ఆర్డర్ చెప్పగానే వినిపించింది ఈ హోటలుకు పేరు తెచ్చిన ఆ పాట. వడ్డించే ఆవిడ మా దగ్గర రాసుకుని వెళ్లి గల్లా దగ్గర కూర్చున్న ఆవిడకు చెప్పింది. ఆవిడ ఆ ఆర్డర్‌ను వంటింటికి రాగం తీసి వినిపించింది. చివరి అక్షరం సాగదీసి, కొంచెం పైకెత్తి వదిలింది. వేడి సోబా ఒకటి, చల్లటి సోబా రెండు, ఇంతే సమాచారం. కానీ హాలంతా ఆ గొంతు మెల్లగా పరుచుకుంటుంది. కంప్యూటర్ తెర మీద ఆర్డర్లు కనిపించే కాలంలో కూడా వాళ్లు ఆ పద్ధతి మానుకోలేదు. పక్క బల్ల మీద ఒంటరిగా కూర్చున్న ముసలాయన వేయించిన నోరి అనే సముద్రపు నాచు ఆకులు నంజుకుంటూ, బియ్యంతో చేసే సాకే అనే మద్యం తాగుతున్నారు. సోబా వచ్చేదాకా ఇలా తీరిగ్గా కూర్చోవడం ఎడో నుంచీ ఉన్న అలవాటట. ఒంటరిగా వచ్చిన మనిషిని ఎవరూ వింతగా చూడకపోవడం, త్వరగా లేవమన్నట్టు బిల్లు తెచ్చి పెట్టకపోవడం నాకు చాలా నచ్చాయి.

సేయ్‌రో సోబా వచ్చింది. నల్లటి అంచున్న నలుపలకల పెట్టె, దాని మీద వెదురు పుల్లల చాప, చాప మీద లేత ఆకుపచ్చ సోబా. ప్రతి పోగూ విడివిడిగా, చల్లటి నీటి తడితో మెరుస్తోంది. పక్కన చిన్న పింగాణీ కూజాలో త్సుయు అనే ముదురు పులుసు, ఒక చిన్న గిన్నె, పళ్లెంలో వసాబి అనే ఘాటైన పచ్చటి ముద్ద, సన్నగా తరిగిన ఉల్లికాడలు. కుప్ప చిన్నదే. రెండేసి పెట్టెలు తెప్పించుకోవడం అక్కడ మామూలు.

"పిన్నీ, ముందు పులుసు లేకుండా ఒక్క పోగు తిను. తరవాత ముంచుకుందువు గాని" అన్నాడు మావాడు. తిన్నాను. తడి మట్టి వాసన, వేయించిన గింజ వాసన, చివర్లో చిన్న తీపి. గట్టిగా లేదు, మెత్తగా లేదు. పంటికి తగిలి తెగుతుంది. తరవాత నాలుగైదు పోగులు ఎత్తి గిన్నెలో ముంచబోతే ఆపాడు.

"మొత్తం ముంచకు. కింద అంచు తడిస్తే చాలు. ఈ పులుసు చాలా ఘాటు. ఎత్తి ఒకేసారి జుర్రెయ్. చప్పుడు వస్తే రానీ."

"ఏరా, ఇవన్నీ నీకెవరు నేర్పారు?"

"ఆఫీసులో మా పెద్దాయన. నేను చప్పుడు కాకుండా తింటుంటే, తిండి నచ్చలేదేమో అనుకున్నాడట."

జుర్రుకోవడంలో మర్యాద ఒక్కటే కాదు, పని కూడా ఉంది. పోగులతో పాటు గాలి లోపలికి పోతుంది, గాలితో పాటు సోబా వాసన ముక్కు వెనకకు చేరుతుంది. సోబా రుచిలో సగం ఆ వాసనే. వసాబిని పులుసులో కలిపేయకుండా పోగుల మీదే కొంచెం పెట్టుకుంటే దాని ఘాటు పులుసులో కరిగిపోకుండా నాలుకకు నేరుగా తగులుతుంది. పులుసులో కింద అంచే తడవడం వల్ల ముందు ఉప్పదనం, వెంటనే సోబా రుచి, చివర వసాబి ఘాటు వరసగా వస్తాయి. మా చుట్టూ ఉన్నవాళ్లు అలాగే తింటున్నారు. ఒక్కో పెట్టె రెండు మూడు నిమిషాల్లో ఖాళీ అవుతోంది. సోబా నానితే పాడవుతుంది, అందుకని ఎవరూ కబుర్లలో పడి దాన్ని వదిలేయరు.

ఆ ముదురు పులుసు వెనక ఉన్న పని గురించి చెప్పాలి. సోయా సాస్, పంచదార, మిరిన్ అనే తీపి సాకే కలిపి కాచి, కొన్నాళ్లు నిలవ ఉంచుతారు. దాన్ని కయేషి అంటారు. నిలవ ఉంటే సోయా కరకుదనం పోతుంది. ఇంకోవైపు ట్యూనా జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి, కొయ్యముక్కంత గట్టిగా చేసిన కత్సువోబుషిని మందంగా చెక్కి చాలాసేపు మరిగించి సారం తీస్తారు. అదే దాషి. ఈ రెండూ కలిస్తే త్సుయు. ఈ రుచి రహస్యాన్ని బయటపెట్టింది కూడా టోక్యోనే. 1908లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఇకెదా కికునాయె కొంబు అనే సముద్రపు నాచు సారం నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి, తీపి పులుపు ఉప్పు చేదులకు తోడు ఉమామి అనే మరో రుచి ఉందన్నారు. 1913లో ఆయన శిష్యుడు కొదామా షింతారో కత్సువోబుషిలో ఉమామినిచ్చే ఇంకో పదార్థాన్ని పట్టుకున్నారు. సోయా సాస్‌లో గ్లుటమేట్ ఉంది, చేపలో రెండో పదార్థం ఉంది. రెండూ ఒకచోట చేరితే రుచి కొన్ని రెట్లు పెరుగుతుందని తరవాత తేలింది. ప్రయోగశాలలో ఇది తేలకముందే ఎడో వంటవాళ్లు నాలుకతో కనిపెట్టి గిన్నెలో కలిపేశారు.

సోబా అయ్యాక ఎర్ర లక్క పూసిన చదరపు కూజా ఒకటి తెచ్చి పెట్టారు. అందులో ఉన్నది సోబా ఉడికించిన వేడి నీళ్లు, సోబాయు. మన ఇళ్లల్లో అన్నం వార్చిన గంజిలా తెల్లగా, కాస్త చిక్కగా ఉంది. మిగిలిన పులుసులో దాన్ని పోసుకుని, ఉల్లికాడలు కూడా అందులోనే వేసుకుని తాగాలి. అంతసేపూ ఘాటుగా ఉన్న పులుసు దాంతో మెత్తబడింది. చేప సారం, సోయా, సోబా పిండి వాసన అన్నీ కలిసి పొట్టలో వెచ్చగా దిగాయి. ఉడికేటప్పుడు నీళ్లలోకి దిగిపోయిన పోషకాలు కూడా ఇలా వృథా పోవు. ఏ సోబా హోటల్లో అయినా దీనికి డబ్బు తీసుకోరు. గల్లా దగ్గర బిల్లు కట్టి, ఒక్క నాణెం కూడా టిప్ పెట్టకుండా బయటికి వచ్చాం. జపాన్‌లో టిప్ అలవాటు లేదు. పెట్టినా వెనక్కి ఇచ్చేస్తారు.

ఆ వీధికి కొంచెం ఎడంగా ఉన్న ఒక చిన్న సోబా దుకాణం అద్దంలోంచి పిండి పని కనిపిస్తుంటే ఆగిపోయాం. లోపల ఒక నడివయసు మనిషి పెద్ద కొయ్య బేసినులో పిండి కలుపుతున్నాడు. నీళ్లు ఒక్కసారిగా పోయలేదు. కొంచెం పోసి, పది వేళ్లూ చాచి, పిండిని అడుగు నుంచి పైకి కదిపాడు. పిండి రవ్వగా మారింది, రవ్వ గులకలైంది, గులకలు ఉండలయ్యాయి, ఉండలన్నీ చివరికి ఒక్క ముద్దయ్యాయి. సోబా పిండిలో గోధుమలో ఉండే బంక పదార్థం ఉండదు. కాబట్టి నీళ్లు కొంచెం తగ్గితే ముద్ద పగులుతుంది, పెరిగితే కారిపోతుంది. అందుకే ఎడోలో ఎనిమిది పాళ్లు సోబాకు రెండు పాళ్లు గోధుమపిండి కలిపే పద్ధతి స్థిరపడింది. సోబా ఒక్కదానితోనే చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది చెయ్యి తిరిగినవాళ్ల పని.

ముద్దను అప్పడాల కర్రతో ముందు గుండ్రంగా ఒత్తాడు. తరవాత పొడవాటి కర్రలకు చుట్టి చుట్టి ఒత్తుతూ దాన్ని నలుపలకలుగా మార్చాడు. పొడి పిండి చల్లి మడతలు పెట్టి, పైన చిన్న చెక్క పలక ఆనించాడు. పలక అంచు వెంట వెడల్పాటి బరువైన కత్తి దించుతాడు. కోత అవ్వగానే కత్తిని పిసరంత పక్కకు వంచుతాడు, ఆ వంపుకు పలక ఒక్క పోగంత వెనక్కి జరుగుతుంది, మళ్లీ కత్తి దిగుతుంది. చూపుతో కొలవడం లేదు, కత్తి వంపే కొలత. మూడు సెంటీమీటర్ల వెడల్పులో 23 పోగులు రావాలన్నది ఎడో పద్ధతి. అంటే పోగు ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. కోయడం త్వరగా వస్తుందట, ఒత్తడానికి నెలలు పడుతుందట, పిండి కలపడం రావడానికి ఏళ్లు కావాలట. సోబా చేసేవాళ్లలో ఇది పాత మాట. అప్పుడే విసిరిన పిండి, అప్పుడే కోసిన పోగు, అప్పుడే ఉడికినది అన్న మూడూ కుదిరితేనే మంచి సోబా అంటారు. ఉడకడానికి పట్టేది నిమిషం అటూ ఇటూ. వెంటనే చన్నీళ్లలో కడుగుతారు. నిమిషాల్లో అయిపోయే భోజనానికి వెనక ఇంత పని ఉంది.

ఎడోలో ఈ తిండి ఎందుకంత నాటుకుందో తెలియాలంటే ఆ నగరం చరిత్ర చూడాలి. 1657 అగ్నిప్రమాదంలో ఎడో చాలా భాగం కాలిపోయింది. తిరిగి కట్టడానికి ఊళ్ల నుంచి వడ్రంగులూ కూలీలూ వచ్చిపడ్డారు. వాళ్లలో ఒంటరి మగవాళ్లే ఎక్కువ. వండిపెట్టేవాళ్లు లేరు, కూర్చుని తినే తీరిక లేదు. కావడి మీద పొయ్యీ నీళ్లూ నూడుల్సూ మోసుకుంటూ రాత్రిళ్లు వీధుల్లో తిరిగే సోబావాళ్లే వాళ్లకు అన్నదాతలు. మళ్లీ మంటలు లేస్తాయని భయపడి ప్రభుత్వం 1686లో నిప్పు మోసుకుంటూ తిరిగి అమ్మడాన్ని నిషేధించింది. అయినా ఆ అమ్మకం ఆగలేదు. 1860లో ఎడోలో సోబా అంగళ్లు 3,763 ఉన్నాయని ఆనాటి రచన ఒకటి చెబుతోంది. తిరుగుడు బండ్లను ఆ లెక్కలో కలపలేదు.

తిరుగుడు సోబా ధర చాలాకాలం 16 మోన్ నాణేల దగ్గర ఆగింది. దాని మీద ఒక రాకుగో కథ ఉంది. రాకుగో అంటే ఒకే మనిషి కూర్చుని చెప్పే హాస్యకథ. ఒకడు రాత్రి సోబా తిని, వంటవాణ్ణి తెగ పొగిడి, నాణేలు ఒక్కొక్కటే లెక్కపెడుతూ ఎనిమిది దాకా వచ్చి "ఇప్పుడు గంట ఎంతయింది?" అంటాడు. "తొమ్మిది" అంటాడు అమ్మేవాడు. వాడు "పది" నుంచి మొదలుపెట్టి ఒక నాణెం మిగుల్చుకుని పోతాడు. చాటుగా చూసిన ఇంకొకడు మర్నాడు అదే ఎత్తు వేస్తాడు, కానీ ముందుగా వెళ్తాడు. ఎనిమిది దగ్గర గంట అడిగితే "నాలుగు" అని జవాబొస్తుంది. పాత జపాన్ గంటల లెక్కలో అర్ధరాత్రి తొమ్మిది, దానికి ముందుది నాలుగు. వాడు అయిదు నుంచి మళ్లీ లెక్కపెట్టి ఎక్కువ డబ్బు కట్టుకుంటాడు. ఈ కథ చెప్పేవాళ్లు చాప్‌స్టిక్కుల బదులు విసనకర్ర పట్టుకుని, నోటితోనే జుర్రే చప్పుడు చేస్తూ సోబా తిన్నట్టు నటిస్తారు. ఆ చప్పుడు ఎంత బాగా వస్తే కళాకారుడికి అంత పేరు.

సోబా ఎడోకు ఇంకో మేలు కూడా చేసింది. నగరానికి వచ్చినవాళ్లు ఊళ్లో తినే ముతక ధాన్యాలు వదిలి బాగా దంచిన తెల్లన్నానికి అలవాటుపడ్డారు. కాళ్లు ఉబ్బడం, నీరసం, గుండెదడ మొదలయ్యాయి. సొంతూరు వెళ్తే తగ్గిపోయేది, తిరిగొస్తే మళ్లీ వచ్చేది. ఎడో జబ్బు అన్నారు దాన్ని. అది బెరిబెరి. తవుడుతో పాటు పోయే బి1 విటమిన్ లోపం వల్ల వస్తుంది. మన కోస్తా జిల్లాల్లో కూడా ఈ జబ్బు ఉండేదని 19వ శతాబ్దపు మద్రాసు వైద్యులు రాశారు. సోబాలో బి1 ఉంటుంది. కారణం తెలియకపోయినా సోబా తింటే ఒంటికి మంచిదన్న నమ్మకం ఎడో జనంలో బలపడింది. 1910లో సుజుకి ఉమెతారో అనే శాస్త్రవేత్త తవుడు నుంచి ఆ పదార్థాన్ని బయటికి తీశాక అసలు కారణం తెలిసింది.

ఇప్పటికీ డిసెంబర్ 31 రాత్రి జపాన్ అంతా సోబా తింటుంది. పోగులు సులువుగా తెగుతాయి కాబట్టి పాత ఏటి కష్టాలతో తెగతెంపులవుతాయని కొందరు, పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఆయుష్షు పెరుగుతుందని కొందరు చెబుతారు. ఆ రాత్రి పాత సోబా హోటళ్ల ముందు వరస మలుపు తిరుగుతుంది.

టోక్యో వెళ్లే తెలుగువాళ్లకు నాలుగు మాటలు. శాకాహారులు, సోబా చూడటానికి మాంసం లేకుండా ఉన్నా పులుసులో చేప ఉంటుందని గుర్తుంచుకోండి. నూడుల్స్ తినాలనుంటే టోక్యో స్టేషన్లో టికెట్ గేట్ల లోపల, కేయ్‌యో లైను వైపు దారిలో టీజ్ తన్‌తన్ అనే హోటలుంది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ వాడరు. మా కోడలు అక్కడ తృప్తిగా తింది. కొందరికి సోబా పడదు. పడకపోతే తీవ్రంగా ఉండొచ్చు కాబట్టే ప్యాకెట్ల మీద సోబా ఉందో లేదో తప్పనిసరిగా ముద్రించాలని జపాన్ చట్టం చెబుతోంది. అలర్జీ ఉన్నవాళ్లు సోబా ఉడికిన నీళ్లలోనే ఉడోన్ కూడా ఉడికిస్తారేమో ముందే కనుక్కోండి. కొత్త పంట పిండి శరదృతువులో వస్తుంది. వాసన అప్పుడే బాగుంటుంది. పాత హోటలుకు మధ్యాహ్నం రెండు దాటాక వెళ్తే వరస తక్కువ.

స్టేషన్లో నిలబడి తిన్న సోబా, యాబులో కూర్చుని తిన్న సోబా రెండూ నిమిషాల్లో అయిపోయాయి. ధరలో, హంగులో తేడా ఉంది గానీ చేసినవాళ్ల శ్రద్ధలో లేదు. తొందర ఎప్పుడూ తినేవాళ్లదే, చేసేవాళ్లది కాదు. చవక తిండి, తొందర తిండి అంటే ఎలాగో ఒకలా చేసి పడేయవచ్చు అనుకునే రోజుల్లో, కూలివాడి తిండిని కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయవచ్చని ఆ నగరం శతాబ్దాలుగా చేసి చూపిస్తోంది. టోక్యోలో మీకు ఒక్క పూటే ఖాళీ ఉంటే, ఆ పూట సోబాకు ఇవ్వండి.